థెరపీ మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పాల్సింది

డాక్టరు దగ్గరికి వెళ్లడం అంటే మనకు అలవాటైన క్రమం ఒకటుంది. ఒంట్లో బాగోలేదని చెబుతాం, ఆయన పరీక్ష చేసి మందులు రాసిస్తారు, రెండు మూడు రోజుల్లో గుణం కనిపిస్తుంది. మనసు బాగోలేక థెరపిస్టు దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ఈ లెక్కతోనే వెళ్తారు. అక్కడ ముప్పావుగంట సేపు ప్రశ్నలే ఎదురవుతాయి. మందుల చీటీ ఉండదు, సమస్య పేరు ఒక్కోసారి వెంటనే చెప్పరు, పైగా వచ్చే వారం మళ్లీ రమ్మంటారు. ‘నాలుగు మాటలకేనా ఇంత ఖర్చు’ అనుకుని కొందరు అక్కడితో ఆపేస్తారు. పెద్దవాళ్లకు చేసే థెరపీ మీద వచ్చిన 669 అధ్యయనాలను స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకులు 2012లో కలిపి చూశారు. సగటున ఐదుగురిలో ఒకరు మధ్యలోనే మానేస్తున్నారని తేలింది. వాళ్లకు ఓపిక లేదని తేల్చేయడం సులువు. కానీ ఏం జరగబోతోందో ముందే తెలిస్తే అందులో చాలామంది నిలబడతారని నా వాదన. అలా చెప్పడాన్ని చికిత్సలో భాగంగానే చూడాలి.

ఈ మాటకు పాత ఆధారమే ఉంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో హోన్-సారిక్, జెరోమ్ ఫ్రాంక్ తదితరులు 1964లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. థెరపీకి వచ్చినవాళ్లలో సగంమందితో చికిత్సకు ముందు విడిగా కూర్చుని మాట్లాడారు. థెరపిస్టు ఎలా ప్రవర్తిస్తారు, మీరేం చేయాలి, మధ్యలో రావాలనిపించని రోజులు ఎందుకొస్తాయి, మార్పు కనిపించడానికి ఎన్నాళ్లు పట్టొచ్చు అన్నవి వివరించారు. మిగతా సగాన్ని ఆ వివరణ లేకుండానే చికిత్సకు పంపారు. ముందుగా వివరం విన్నవాళ్లు సెషన్లకు ఎక్కువ క్రమంగా వచ్చారు, వాళ్లలో మెరుగుదలా ఎక్కువగా కనిపించింది. అది చిన్న ప్రయోగమే. అయినా ఇలా సిద్ధం చేసి పంపితే మానేసేవాళ్లు తగ్గుతారన్న మాటను తర్వాతి పరిశోధకులూ బలపరిచారు.

మరి ఆ చెప్పాల్సిన వివరం ఏమిటి? మొదటిది, ఎవరి దగ్గరికి వెళ్తున్నామన్నది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, సంభాషణ ద్వారా, సాధన ద్వారా చికిత్స చేస్తారు. మన దేశంలో వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. ఆ నమోదు ఉందా అని అడగడం తప్పు కాదు, అడగాలి కూడా. కౌన్సెలర్ అన్న బోర్డు వెనక ఉండే చదువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రెండోది, మొదటి సెషన్ ఎక్కువగా వివరాల సేకరణకే పోతుంది. నిద్ర, ఆకలి, ఇల్లు, ఉద్యోగం, మద్యం, గతంలో వాడిన మందులు అన్నీ అడుగుతారు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగుతారు, అది అవమానం కాదు, జాగ్రత్త. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలున్న కాగితం ఇవ్వొచ్చు, డిప్రెషన్ తీవ్రతను కొలవడానికి చాలా దేశాల్లో వాడేది అదే. థైరాయిడ్ లోపం కూడా డిప్రెషన్‌లాగే కనిపించగలదు కాబట్టి రక్తపరీక్ష చేయించుకోమనవచ్చు.

రెండు మూడు సెషన్ల తర్వాత అసలు పని మొదలవుతుంది. ఏం మారాలనుకుంటున్నారో ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటారు. ‘సంతోషంగా ఉండాలి’ అన్నది లక్ష్యంగా పనికిరాదు, ‘వారంలో మూడు రోజులు పొద్దున లేచి బయటికి వెళ్లాలి’ అన్నది పనికొస్తుంది. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, ఒక సంఘటన జరిగినప్పుడు మనసులో మెదిలిన ఆలోచనను రాసుకుని, అది ఎంతవరకు నిజమో పరీక్షించడం నేర్పుతారు. పై అధికారి పలకరించలేదంటే తన ఉద్యోగం పోబోతోందని నమ్మే మనిషి, ఆ నమ్మకానికి ఉన్న సాక్ష్యం ఏమిటో కాగితం మీద పెట్టి చూసుకోవాలి. ఇంటి దగ్గర చేయాల్సిన పని కూడా ఇస్తారు. ఈత గట్టు మీద కూర్చుని వింటే రాదు, ఇదీ అంతే. వారానికి ఒక గంట గదిలో నేర్చుకున్నది మిగతా రోజుల్లో వాడితేనే ఫలితం.

ఎన్నాళ్లు పడుతుందన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న. కెనెత్ హోవర్డ్ బృందం 1986లో పాత పరిశోధనలను కలిపి లెక్కగడితే, ఎనిమిది సెషన్ల నాటికి సుమారు సగంమందిలో, ఇరవయ్యారు నాటికి సుమారు ముప్పావువంతు మందిలో మెరుగుదల కనిపించింది. సమస్యను బట్టి ఇది మారుతుంది. అయినా ఒక్క సెషన్‌తో తీర్పు చెప్పకూడదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది. దాచుకున్న బాధ బయటికి తీసినప్పుడు ఆ వారం మనసు మరింత బరువెక్కవచ్చు, అదీ ముందే తెలియాలి. అలాగని గుడ్డిగా కొనసాగమనడం లేదు. కొద్దిశాతం మంది థెరపీలో ఉండగానే మరింత కుంగిపోతున్నారని పరిశోధనలే చెబుతున్నాయి. నాలుగైదు సెషన్లకొకసారి ‘ఎంత మారింది’ అని ఇద్దరూ కలిసి చూసుకోవాలి. థెరపిస్టుతో కుదిరే నమ్మకానికీ ఫలితానికీ సంబంధం ఉందని వందల అధ్యయనాల్లో తేలింది. ఆ నమ్మకం కుదరకపోతే ఆ సంగతి వాళ్లతోనే చెప్పండి. అప్పటికీ కుదరకపోతే మరొకరి దగ్గరికి వెళ్లండి, చికిత్సనే మానేయకండి.

అమ్మ ఉంది, అక్క ఉంది, స్నేహితులున్నారు, ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇంటి గుట్టు ఎందుకు చెప్పాలి అంటారు కొందరు. తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదిది. ఆత్మీయుల ఆసరా ఏ చికిత్సకన్నా తక్కువది కాదు. అయితే మన బాధలో వాళ్లకూ పాత్ర ఉంటుంది. భర్త గురించి అత్తగారితో, అప్పు గురించి అప్పిచ్చిన బావతో మనసు విప్పలేం. థెరపిస్టుకు మన పెళ్లిలో, ఆస్తిలో వాటా లేదు, శిక్షణ ఉంది. గుట్టు విషయానికి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. దానికి మినహాయింపులూ ఉన్నాయి: ప్రాణాపాయం, ఇతరులకు హాని జరిగే ప్రమాదం, కోర్టు ఆదేశం వంటివి. పిల్లల మీద లైంగిక దాడి గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. మంచి థెరపిస్టు ఈ హద్దులను మొదటిరోజే చెబుతారు.

ఇది పాశ్చాత్యుల పద్ధతి, మనకు నప్పదు అన్నది మరో అభ్యంతరం. దీనికి గోవా సమాధానం చెప్పింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన తీవ్ర డిప్రెషన్ బాధితులకు విక్రమ్ పటేల్ బృందం థెరపీ అందించింది. చేసినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజిస్టులు కారు, శిక్షణ పొందిన స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, మానేసిన పనులను మెల్లగా మళ్లీ మొదలుపెట్టించడమే అందులో ముఖ్యం. మూడు నెలలకు థెరపీ అందినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మన మనుషులకు, మన భాషల్లో, మామూలు ఆసుపత్రి గదిలోనూ ఇది పనిచేస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అప్పులు, నిరుద్యోగం, ఇంట్లో దెబ్బలు ఉన్నప్పుడు మాటలేం చేస్తాయి అన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. థెరపీ అప్పు తీర్చదు, కొట్టే చెయ్యిని ఆపదు. ఆ పనులకు చట్టం, ప్రభుత్వం, తోటి మనుషులు కావాలి. కుంగిపోయి మంచం దిగలేని మనిషికి ఆ సాయం కోసం కదిలే శక్తినివ్వడం థెరపీ వంతు. ఖర్చు నిజమైన అడ్డంకే. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు మూడు ప్రశ్నలు వెంట తీసుకెళ్లాలి: నా సమస్య మీకేమనిపిస్తోంది, ఏ పద్ధతిలో చేస్తారు, మారుతున్నానని ఎలా తెలుస్తుంది. తీసుకెళ్లే ఇంటివాళ్లు ‘ఈరోజు ఏం చెప్పావు’ అని గుచ్చి అడగకుండా, వచ్చే వారం ప్రయాణానికి తోడు రావాలి. చికిత్స చేసేవాళ్ల బాధ్యత అందరికన్నా పెద్దది. మొదటి సెషన్‌లో పది నిమిషాలు పక్కన పెట్టి, ఏం జరుగుతుందో, ఎంతకాలం పడుతుందో, ఎక్కడ కష్టంగా ఉంటుందో తేట తెలుగులో చెప్పాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. ధైర్యం కూడదీసుకుని వచ్చిన మనిషిని ఏమీ తెలియకుండా తిరిగి పంపడానికి మన దగ్గర ఏ సాకూ లేదు.