టమాటా లేని పాస్తా సాసు – ప్రతినిధి ద్రవ్యాల వివేకం

పాస్తా విదేశీ వంటకమైనను, నేడు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల ఇళ్లలో పిల్లలు కోరి చేయించుకొనే ఫలహారమైనది. దానికి ప్రాణం టమాటా సాసు. ఇంట్లో టమాటాలు లేనప్పుడు, లేదా 2023 జూలైలో వలె కిలో ధర నూరు రూపాయలు దాటినప్పుడు, మన చేయి చింతపండు డబ్బా వైపు పోతుంది. పులుపుకు పులుపే గదా అని భావిస్తాము. ఇందులోని లోపాన్ని నేను స్వానుభవంతో తెలుసుకొన్నాను.

ఆ నెలలో ఒక సాయంత్రం మా మనుమరాలు పాస్తా కావాలని మారాం చేసినది. సరూర్‌నగర్ రైతుబజారు నుండి తెచ్చిన కూరలలో టమాటాలు లేవు. "చింతపండు గుజ్జు వేయండి, సరిపోతుంది" అని సలహా ఇచ్చినవాడను నేనే. రుచి చక్కగా కుదిరినది. కాని అమ్లపిత్తంతో బాధపడే నా భార్య ఆ రాత్రి ఛాతీలో మంటతో, పుల్లని త్రేన్పులతో నిద్ర లేక కూర్చున్నది. ఏండ్ల తరబడి ఊరందరికీ పథ్యం చెప్పినవాడను, ఇంటిలోని రోగిని మరచితిని.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో, దొరకని మూలికలకు ప్రతినిధి ద్రవ్యాలను పేర్కొన్నాడు. మేద, మహామేదలకు బదులు శతావరి. కాకోలి, క్షీరకాకోలులకు బదులు అశ్వగంధ. రుచి ఒక్కటే చూచి ప్రతినిధిని ఎన్నుకొనరాదనీ, రస, గుణ, వీర్య, విపాకాలను పరిశీలించవలెననీ మా గురువుగారు బోధించేవారు.

చింతపండు ఉష్ణవీర్యం. పుల్లని పదార్థాలు సాధారణంగా పిత్తాన్ని పెంచుతాయి. దానిమ్మ, ఉసిరిక మాత్రం ఇందుకు మినహాయింపులని చరకసంహిత చెబుతున్నది. ఉసిరిక పుల్లనిదైనను శీతవీర్యం, మధుర విపాకం గలది. నాలుకకు రెండూ పులుపే; కడుపులో వాటి పని వేరు.

సాసులో టమాటా మూడు పనులు చేస్తుంది: పులుపు, చిక్కదనం, తీపితో కూడిన రంగు. ఈ మూడింటినీ ఒకే వస్తువుతో సాధించలేము. కనుక పనిని పంచవలెను.

కావలసినవి (నలుగురికి)

తీపి గుమ్మడి ముక్కలు పావుకిలో, క్యారెట్ 1, చిన్న ఉల్లిపాయ 1, ఎండు ఉసిరిక పొడి అర చెంచా, జీలకర్ర అర చెంచా, వాము చిటికెడు, నెయ్యి 2 చెంచాలు, తగినంత ఉప్పు.

చేయు విధానం

గుమ్మడి, క్యారెట్ ముక్కలను మెత్తగా ఉడికించి రుబ్బుకొనవలెను. నేతిలో జీలకర్ర, వాము, సన్నగా తరిగిన ఉల్లి వేయించి, ఆ గుజ్జు, ఉప్పు చేర్చి అయిదు నిమిషాలు సన్నని మంటపై ఉడికించవలెను. దించిన పిదప ఉసిరిక పొడి కలుపవలెను. ఇనుప మూకుడు వాడరాదు. ఉసిరిక తగిలి సాసు నల్లబడుతుంది. కారం కోరువారు మిరియాల పొడిని తమ పళ్లెంలోనే చల్లుకొనవచ్చును.

ఒరెగానో ఆకు లేదని చింతించనక్కరలేదు. అందులోని థైమాల్ అను సుగంధ ద్రవ్యం మన వాములోను పుష్కలంగా కలదు. బేసిల్ ఆకుకు బదులు పెరటిలోని రుద్రజడ ఆకులు రెండు మూడు చాలును.

జాగ్రత్తలు

పాలతో చేసే తెల్ల సాసులో పులుపు కలుపరాదు. అది విరుద్ధాహారం, పైగా పాలు విరుగుతాయి. సీసాలలో అమ్మే కెచప్‌ను సాసుకు బదులు గుమ్మరించరాదు. అందలి పంచదార, ఉప్పు మధుమేహ, రక్తపోటు రోగులకు మేలు చేయవు. మధుమేహులు గుమ్మడి తగ్గించి సొరకాయ కలుపుకొని, పాస్తాను కొద్దిగానే తినవలెను.

ఛాతీమంట తరచుగా వచ్చుచున్నను, మ్రింగుట కష్టమైనను, బరువు తగ్గుచున్నను, మలము నల్లగా వచ్చినను వంటింటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను. ఛాతీనొప్పి చేతికి, దవడకు ప్రాకినచో తక్షణమే ఆసుపత్రికి వెళ్లవలెను.

మరుసటి వారం ఈ సాసుతో పాస్తా చేయించితిమి. మనుమరాలు, నాయనమ్మ ఒకే గిన్నెలోనిది తిన్నారు. ఆ రాత్రి మా ఇంట దీపం త్వరగా ఆరినది.