తాకకుండా ఊపిరిని కొలిచే రాడార్

నిద్రలో ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగి, మళ్లీ అందుకుని, మళ్లీ ఆగుతూ ఉండే రుగ్మతను స్లీప్ ఆప్నియా అంటారు. దీన్ని నిర్ధారించే పాలీసోమ్నోగ్రఫీ పరీక్షలో తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, ముక్కు దగ్గర గొట్టం పెట్టి, ఛాతీకీ పొట్టకీ పట్టీలు చుట్టి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి రోగిని రాత్రంతా పడుకోబెడతారు. ఆ తీగల నడుమ, కొత్త చోట పట్టే నిద్ర ఇంటి నిద్రలా ఉండదు కనుకనే ఒంటిని తాకకుండా శ్వాసను గమనించే మార్గాల కోసం అన్వేషణ మొదలైంది.

వాటిలో ముఖ్యమైనది రాడార్. మంచం పక్కన పెట్టిన చిన్న పరికరం 60 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపితే అవి దుప్పటిని దాటి ఛాతీని తాకి తిరిగివస్తాయి. వీటి తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లే. ఛాతీ 1 మిల్లీమీటరు పైకి లేచినా తరంగం పోయివచ్చే దూరం 2 మిల్లీమీటర్లు తగ్గి, దాని దశ, అంటే ఎత్తుపల్లాల స్థానం, 144 డిగ్రీల మేర మారిపోతుంది. ఇంత సున్నితమైన కొలత కాబట్టే ఊపిరితో పాటు గుండె స్పందన వల్ల ఛాతీపై కలిగే అతిస్వల్ప కదలిక కూడా దీనికి చిక్కుతుంది. 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు స్మార్ట్‌ఫోన్ స్పీకరు నుంచి 18–20 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపి, మైకుతో ప్రతిధ్వనిని పట్టి శ్వాసను కొలవడం మరింత మెచ్చదగిన విషయం.

అయితే ఛాతీ కదలిక, గాలి రాకపోక ఒకటి కావు. గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోయే రకం ఆప్నియాలో మెదడు ఆజ్ఞ ఆగదు. గాలి లోనికి పోకపోయినా ఛాతీ, పొట్ట పెనుగులాడుతూనే ఉంటాయి, తరచు ఒకటి పొంగితే మరొకటి కుంగుతుంది. మెదడు నుంచే ఆజ్ఞ రాని రకంలో రెండూ నిశ్చలమవుతాయి. కదలిక ఉందా లేదా అని మాత్రమే చూసే పరికరం రెండోదాన్ని సులువుగా గుర్తించినా, ఎక్కువమందిలో కనిపించే మొదటిదాన్ని జారవిడుస్తుంది. అందుకే ఆ ఎదురు కదలికనూ, దాని వెంట ఒక్కసారిగా వచ్చే పెద్ద ఊపిరినీ కలిపి గుర్తించేలా పరికరాన్ని తీర్చిదిద్దాలి.

రక్తంలో ఆక్సిజన్ తగ్గుదల గానీ, మెదడు తరంగాలు గానీ రాడార్‌కు అందవు. ఆ తరంగాలు లేకుండా నిద్రకూ మెలకువకూ తేడా కచ్చితంగా తెలియదు, దాంతో లెక్క తప్పవచ్చు. గంట నిద్రకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో లేదా బాగా తగ్గిందో లెక్కించి రోగ తీవ్రతను చెబుతారు. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. రోగి 8 గంటలు మంచంపై ఉండి, 5 గంటలే నిద్రపోగా 80 సార్లు ఊపిరి ఆగిందనుకుంటే సరైన సూచిక 16. కదలకుండా పడుకున్న మెలకువను నిద్రగా పొరబడి 8తో భాగించిన పరికరం 10 చూపుతుంది, మధ్యస్థమైన జబ్బు కాస్తా స్వల్పమైపోతుంది. కాబట్టి పరికరం చిన్న అంకె చూపినా, పెద్ద గురక, పగటి కునుకుపాట్లు ఉన్నవారికి పూర్తి పరీక్ష చేయించవలసిందే.