డ్రిల్లు మాస్టర్ల పొత్తు

తెలుగు పండితునికి సందేహము కలిగినచో ప్రక్క తరగతిలో అడుగవచ్చును. పెక్కు పాఠశాలలలో డ్రిల్లు మాస్టారు ఒక్కరే, వారెవరి నడుగుదురు?

శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లె ప్రాంతమున బడులకు కబడ్డీ పోటీ పెట్టవలెనన్న ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు, వెరసి ఆరుగురు కావలెను. ఇరుగుపొరుగు బడుల మాస్టర్లు రానిదే ఆట సాగదు. పైగా తన పిల్లలు కూతకు పోవునప్పుడు తానే తీర్పు చెప్పినచో ఓడినవారు ఒప్పుదురా?

హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున నెలకొల్పిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయము ఈ వృత్తి శిక్షణకు మన దేశమున బాట వేసినది. 1953 వరకు అనంతపురమునకును మద్రాసే రాజధాని. అయితే శిక్షణ ఒకనాటితో ముగియును. నిబంధనలు మారుచునే యుండును. కొత్త నిబంధనను తెలిసినవారు తెలియనివారికి చెప్పునది పోటీ మైదానమందే. ఎండ చల్లారిన పిమ్మట, ఆ పిల్లవాడు గీత తొక్కెనా లేదా యని ఆరుగురును సున్నపు గీతపై వంగి వాదించుకొనుచుందురు.