తామరపువ్వు పెట్టే వెచ్చటి ఖర్చు

తెల్లవారుజామున చెరువు మీది గాలి 10 డిగ్రీలకు పడిపోయినా, విచ్చుతున్న తామరపువ్వు లోపల 30 డిగ్రీల పైచిలుకు వెచ్చదనం ఉంటుంది. కవులు ఎన్ని చెప్పినా ఈ సంగతి చెప్పలేదు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ బొటానిక్ గార్డెన్ తామరల్లో శాస్త్రవేత్తలు రోజర్ సీమోర్, పాల్ షుల్జ్-మోటెల్ కొలిచి చూశారు; 1996లో ‘నేచర్’ పత్రికలో రాశారు. చలి పెరిగేకొద్దీ పువ్వు మరింత ఆక్సిజన్ పీల్చుకుంటుందట! ఒంటి వేడిని నిలుపుకోవడానికి పిట్టలు చేసే పనే ఇది.

ఆ వేడి ఊపిరిలోంచే పుడుతుంది. మొక్కకు ఊపిరితిత్తులు లేకపోయినా దాని ప్రతి కణమూ శ్వాసిస్తుంది. కణంలోని మైటోకాండ్రియాలో, ఆహారం నుంచి విడివడిన ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ ఆక్సిజన్‌ను చేరతాయి. దారిలో అవి వదిలే శక్తి, లోపలి పొరకు ఒక పక్కగా ప్రోటాన్లను పోగుచేస్తుంది. ఆనకట్ట వెనక నీళ్లలా నిలిచిన ఆ ప్రోటాన్లు తిరిగి ఇవతలికి దూకేటప్పుడు ఒక ఎంజైము గిర్రున తిరుగుతుంది, ఏటీపీ అనే శక్తి నాణెం తయారవుతుంది. కండ కదలాలన్నా, కణం విడిపోవాలన్నా అదే కావాలి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ ఏటీపీని కండరంలోంచి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు. బడిలో ఏటీపీ పాఠం వచ్చినప్పుడు మాస్టార్లు సుబ్బారావు పేరు తప్పక చెప్పాలనిపిస్తుంది నాకు.

ప్రాణులు ఇంత ఆశగా కూడబెట్టుకునే ఆ ఏటీపీ సొమ్మును తామర కావాలనే వదులుకుంటుంది. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎలక్ట్రాన్లను నడిదారిలోనే అందుకుని నేరుగా ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ప్రోటాన్లు అంతగా పోగుపడవు, ఏటీపీ తగ్గిపోతుంది, శక్తి వేడిగా బయటపడుతుంది. మామూలు శ్వాసను బిగబట్టే సైనైడ్ సైతం ఈ అడ్డదారిని మూయలేదు. ఒక్క పువ్వు దాదాపు ఒక వాట్ వేడి పుట్టించగలదు. అందులో సగం వరకు నడిమి దుద్దుదే. తక్కినది రేకులు, కేసరాలది.

రెండు నుంచి నాలుగు రోజులు సాగే ఈ దుబారా ఎవరి కోసం? పరిశోధకులు పెంకుపురుగుల వైపు చూపిస్తారు. రాత్రి రేకుల నడుమ చిక్కిన పురుగు ఎగరాలన్నా, జత కట్టాలన్నా ముందు ఒళ్లు వేడెక్కాలి. పువ్వే వెచ్చగా ఉంటే ఆ ఖర్చు దానికి తప్పుతుంది. తెల్లారి ఒంటినిండా పుప్పొడి అంటించుకుని, మరో తామర మీద వాలుతుంది.