నల్లిబొక్క తగువు – ఆడపడుచు పుట్టిల్లు

2023లో వచ్చిన వేణు ఎల్దండి 'బలగం' మీరూ చూసే ఉంటారు. అందరూ పిండం ముట్టని కాకి గురించే మాట్లాడారు. నా మనసు మాత్రం లక్ష్మి దగ్గరే ఆగిపోయింది. భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం బావా బావమరుదులు తగువుపడితే, ఇరవయ్యేళ్లు పుట్టింటి గడప తొక్కనిది ఆవిడ! అలిగింది మగాళ్లు, శిక్ష ఆడదానికి. చివరికి తండ్రి శవం దగ్గరికే రావడం.

చివరి పాటకి అందరూ ఏడ్చారట. నేను అంతకు ముందే ఏడ్చేశాను.

మావారు "కాకి భలే చేసిందోయ్" అని నవ్వారు. పెళ్లిలో తనని సరిగా పిలవలేదని మా అన్నయ్యతో ఆయన మాట్లాడి నాలుగేళ్లు. నేనూ వెళ్లలేదు. నాన్నకి డెబ్బై నాలుగు. ఆయనెదుటే ఫోన్ చేశాను. వదిన ఎత్తింది.

"సంక్రాంతికి వస్తున్నా వదినా" అన్నాను.

మావారు టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయారు.