రేవుకొచ్చిన గంజి మాటలు

విశాఖ వన్ టౌన్‌లో కోటవీధి ఉంది. సోల్జర్‌పేట ఉంది. కోటా సోల్జర్లూ పోయి చాలా కాలమైంది, పేర్లు మాత్రం రిక్షావాళ్ళ నోట, ఆటోవాళ్ళ నోట నలుగుతూనే ఉన్నాయి. ఈ వీధుల ఎదురుగా ఉన్న సముద్రంలోకే ఒకప్పుడు మరో ఇంగ్లీషు మాట కూడా ఓడెక్కి వచ్చింది. అది ఒడ్డున నిలవలేదు. అసలు పుట్టిన దేశంలోనే ఇప్పుడు దాన్ని పలికేవాళ్ళు అరుదు.

ఆ మాట లాబ్‌లాలీ. అర్థం చిక్కటి గంజి. 'లాబ్' అంటే గిన్నెలో బరువుగా బుడగలు లేస్తూ ఉడకడం, 'లాలీ' అంటే ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు యాసలో పులుసో చారో అని నిఘంటుకర్తల ఊహ. చప్పుడులోంచి పుట్టిన మాటన్నమాట, మన 'కుతకుత'లాగే. 16వ శతాబ్దం చివరికే అచ్చులో కనిపిస్తుంది. పల్లెటూరి పొయ్యి మీద పుట్టినా దానికి పేరొచ్చింది మాత్రం సముద్రం మీదే.

బ్రిటిష్ నేవీ 18వ శతాబ్దపు నియమాల ప్రకారం ఒక్కో నావికుడికి వారానికి ఏడు పౌన్ల బిస్కెట్టు, ఉప్పు వేసి నిలవబెట్టిన మాంసం, రెండు పింట్ల బఠాణీలు, మూడు పింట్ల ఓట్ పిండి ఇవ్వాలి. దూరదేశపు రేవుల్లో ఓట్లు దొరక్కపోతే బదులుగా బియ్యం కొలిచేవారు. ఒంట్లో బాగాలేనివాడు రాయిలాంటి బిస్కెట్టు కొరకలేడు కాబట్టి వాడికి గంజే గతి. ఆ గంజి గిన్నెలు మోసుకెళ్ళి రోగులకు పట్టే కుర్రాళ్ళే 'లాబ్‌లాలీ బాయ్స్'. పేరు వింటే ముద్దుగా ఉంటుంది, చేసే పని వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మత్తుమందు లేని రోజుల్లో డాక్టరు కాలో చెయ్యో కోస్తుంటే మనిషి కదలకుండా అదిమి పట్టుకునేది వీళ్ళే. నెత్తురుకి కాళ్ళు జారకుండా నేల మీద ఇసుక చల్లేదీ, కోసిన అవయవాలు తొట్టెల్లో ఎత్తిపోసేదీ వీళ్ళే. ఓడల్లో డాక్టరు సహాయకుడిగా పనిచేసిన నవలాకారుడు స్మాలెట్ 1748లో రాసిన 'రోడరిక్ రాండమ్'లోనూ ఈ పేరుంది.

విశాఖ నీళ్ళలోనూ ఆ కుర్రాళ్ళకు చేతినిండా పని పడిన రోజొకటి ఉంది. 1804 సెప్టెంబరు 15. అప్పటికి ఇక్కడ హార్బర్ లేదు, 1933 దాకా రాలేదు కూడా. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరేసేవి. అలా నిలిచిన 'సెంచూరియన్' అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద ఫ్రెంచి అడ్మిరల్ లినోయా మూడు ఓడలతో విరుచుకుపడ్డాడు. సెంచూరియన్ కాపలా కాస్తున్న రెండు వర్తక నౌకల్లో ఒకటి తీరానికి కొట్టుకొచ్చి పగిలింది, రెండోది శత్రువు చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం ఒళ్ళంతా దెబ్బలు తిని కూడా లొంగలేదు. చరిత్ర పుస్తకాలు ఆ ఓడ కెప్టెన్ లిండ్‌ను పొగిడి ఊరుకుంటాయి. ఓడ కింది చీకటి అరలో గాయపడ్డవాళ్ళని పట్టుకున్న చేతుల ఊసు ఎవరికీ పట్టలేదు.

లాబ్‌లాలీ అమెరికా కూడా వెళ్ళి బురదగుంటకు పేరైంది. పల్లపు నేలల్లో, అలాంటి గుంటల దగ్గర పెరిగే పైన్ చెట్టుకు అదే పేరు పడింది. ఆ 'లాబ్‌లాలీ పైన్' గింజలు 1971లో అపోలో 14లో చంద్రుణ్ణి చుట్టి వచ్చాయి. గంజికి ఇంతకన్నా గొప్ప యోగం ఏం కావాలి!

సెంచూరియన్ యుద్ధం జరిగిన మరుసటి ఏడే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ మనుషులు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. ఇద్దరూ 1810 దాటకుండానే పోయారు. వాళ్ళు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. వాళ్ళ చేతిలోని ఇంగ్లీషు బైబిల్లో ఇంకో గంజి మాట ఉంది. అదే పాటేజ్.

పాట్ అంటే కుండ, కుండలో వేసి ఉడికించిందల్లా పాటేజ్. ఫ్రెంచి నుంచి వచ్చింది. మధ్యయుగాల ఇంగ్లండులో రాజుకూ రైతుకూ రోజూ ఇదే తిండి. రైతు కుండలో ఆకుకూరలు, బఠాణీ, ఓట్లు పడేవి, రాజు కుండలో మాంసం, కుంకుమపువ్వు. 16వ శతాబ్దంలో ఈ మాటే నలిగి నలిగి 'పారిజ్' అయింది. వంటింట్లో పారిజ్ నిలిచింది, పాటేజ్ బైబిల్లో చిక్కుకుపోయింది. ఆకలికి ఆగలేక ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని తమ్ముడు యాకోబుకు అమ్ముకున్నది ఆ గిన్నెడు పాటేజ్ కోసమే.

ఇప్పుడు చర్చిల్లో చదివే తెలుగు బైబిల్లో ఆ వంటకు రెండు పేర్లున్నాయి. మొదట 'కలగూర వంటకము', కాసేపటికి 'చిక్కుడుకాయల వంటకము'. మూలంలో ఉన్నవి ఎర్రటి పప్పుగింజలు. కాబట్టి చిక్కుడుకాయలు కొంచెం దారి తప్పాయనే అనాలి. కలగూర మాత్రం అచ్చంగా అతికింది. కలగూరగంపలా చేతికందిందల్లా పడేదే పాటేజ్. అన్ని ముక్కలూ వేసి మరగబెట్టే దప్పళాన్ని చూపిస్తే ఆ రోజుల ఇంగ్లీషు రైతు ఇట్టే గుర్తుపట్టేవాడు.

ఇక లాబ్‌లాలీకి విశాఖలో సరిజోడు చోడి అంబలి. మిగతా ఆంధ్రులు రాగులనేవాటిని ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. చోడిపిండిని రాత్రి నీళ్ళలో కలిపి మూత పెడితే తెల్లారేసరికి పుల్లటి వాసన వేస్తుంది. నూకలు మెత్తగా ఉడికాక ఆ పిండినీళ్ళు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి, ఆపితే ఉండలు కడుతుంది. చిక్కబడేకొద్దీ అడుగు నుంచి లావుపాటి బుడగలు లేచి బుడుక్కుమని పేలతాయి. చెయ్యి వెనక్కి తీసుకోకపోతే చురుక్కుమంటుంది. ఇంగ్లీషువాళ్ళు 'లాబ్' అన్నది ఈ చప్పుడునే. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, నంజుకోను పచ్చిమిరపకాయ. కూలికెళ్ళేవాళ్ళ పొద్దుటి తిండి ఇది. ఇప్పుడు బీచ్‌లో నడకకొచ్చిన పెద్దమనుషులు కూడా రాగిజావ కొనుక్కుని తాగుతున్నారు. 2023 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు వారానికి మూడు రోజులు రాగిజావ పోయించింది.

గంజి అనే మాట కూడా మన తీరం నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. తమిళ కంజి పోర్చుగీసువాళ్ళ నోట పడి కాంజీ అయింది. కంపెనీ పటాలాల్లో తప్పు చేసిన సిపాయిని పడేసే కొట్టుకు 'కాంజీ హౌస్' అని పేరు, లోపల పెట్టేది గంజే కాబట్టి. ఇంగ్లండులో జైలుకెళ్ళడాన్ని వాడుకలో 'పారిజ్' అంటారు. బీబీసీ 1974లో మొదలుపెట్టిన జైలు హాస్య ధారావాహికకు పేరు కూడా అదే. మనవాళ్ళు చిప్పకూడు అన్నారు.