సైనిక చిహ్నాల చెక్క అచ్చులు

సైనిక చిహ్నాల చెక్క అచ్చులు అనగా పూర్వం ఐరోపాలో తీపి రొట్టెలు, బిస్కట్లపై బొమ్మలు వేయుటకు వాడిన కొయ్యపలకలలో ఒక రకం. వీటిపై సైనికులు, గుర్రపు రౌతులు, గద్దలు, పతకాలు మొదలైన రూపాలు చెక్కి ఉంటాయి. నేడు ఇవి పురావస్తు సేకరణకర్తలకు ప్రీతిపాత్రమైన వస్తువులు.

తయారీ
జర్మనీలో స్ప్రింగెర్లె, రష్యాలో ప్ర్యానిక్, పోలండ్‌లోని తోరూన్ నగరంలో తేనె రొట్టెల కొరకు ఇటువంటి అచ్చులు వాడేవారు. సన్నని పోగు గల బేరిచెట్టు కలప సూక్ష్మమైన చెక్కడానికి అనుకూలం. రూపాన్ని లోతుగా, కుడియెడమలు తారుమారుగా చెక్కుతారు. పిండిపై అద్దినపుడు బొమ్మ ఉబ్బెత్తుగా, సరియైన దిశలో వస్తుంది. తెలుగువారి పంచదార చిలకలకు కూడా చెక్క అచ్చులే వాడతారు. అయితే వాటిలో పాకం పోస్తారు.

కాలనిర్ణయం
అచ్చు వయసు తెలుసుకొనుటకు చిహ్నమే ముఖ్య ఆధారం. ప్రష్యా రాజు ఇనుప శిలువ పతకాన్ని 1813లో నెలకొల్పాడు. కనుక ఆ పతకం ఉన్న అచ్చు అంతకు ముందుది కాజాలదు. అలాగే ముల్లు గల శిరస్త్రాణం ప్రష్యా సైన్యంలో 1842లో ప్రవేశించింది. అయితే ఇవి తొలి హద్దును మాత్రమే తెలుపుతాయి. పాత నమూనాలను తరువాతి వారు కూడా చెక్కవచ్చు. రష్యా రెండు తలల గద్ద 1497 నాటి రాజముద్రలోనే కనిపిస్తుంది. అది రాజ్యచిహ్నం కనుక, గద్ద ఉన్నంతమాత్రాన అచ్చు సైన్యానికి సంబంధించినదని చెప్పరాదు.

నకళ్ళను గుర్తించుట
చేతి ఉలి గుర్తులు, తరచు పట్టుకొనుట వలన నునుపైన అంచులు, సన్నని గీతలలో పేరుకొన్న పిండి పాతదనానికి సూచనలు. రెసిన్‌తో పోతపోసిన నకళ్ళలో కలప పోగు ఉపరితలంపైనే ఉంటుంది. పురుగు రంధ్రాలు లోపలికి పోవు. అచ్చుపై అక్షరాలు సరిగా చదవగలిగినట్లుంటే, అది అలంకరణకు చేసినది కావచ్చు.

సంరక్షణ
అచ్చును నీటిలో నానబెట్టరాదు. కలప వంగి పగులుతుంది. గరుకు కాగితంతో రుద్దితే ఉలి గుర్తులు, పతకంలోని గీతలు చెరిగి, కాలనిర్ణయానికి ఆధారమే పోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము తుడిచిన చాలును. బొమ్మ చూడవలెనన్న మట్టి అద్దనవసరం లేదు. పక్కనుండి వెలుగు పడునట్లు ఫోటో తీసి, దానిని కుడియెడమలు మార్చి చూడవచ్చు. పురుగుమందు పట్టించిన అచ్చులను వంటకు వాడరాదు. అచ్చు ఏ ఊరిది, ఎవరి వద్ద లభించినది అన్న వివరాలు వ్రాసి ఉంచాలి. ఆ వివరాలు లేనిచో చరిత్రకు దాని విలువ చాలావరకు తగ్గుతుంది.